అడ్డం నిలబడినవాడు

కబడ్డీ ఆటగాడు హీరోగా తెలుగులో వచ్చిన సినిమాల్లో అందరికీ గుర్తుండేది 'ఒక్కడు'. 2003 సంక్రాంతికి వచ్చింది. ఏడుగురు కలిసి ఆడే ఆటకి ఆ పేరేమిటని అప్పుడు ఎవరూ అడగలేదు, ఇప్పుడూ అడగరు. దర్శకుడు గుణశేఖర్‌ని తప్పుపట్టాలని ఈ మాట అనడం లేదు. ఆ సినిమా కబడ్డీ గురించి కాదు, కబడ్డీ ఆడే ఒక కుర్రాడి గురించి. నేనంటున్నది మన చూపు గురించి. కబడ్డీ అనగానే కూత పెడుతూ గీత దాటి పోయే ఒక్కడే మన కళ్ళ ముందుకొస్తాడు. అవతల నిలబడిన ఏడుగురూ ఒక గుంపు. ఇంకా చెప్పాలంటే, ఫైట్ సీన్లో వంతులవారీగా వచ్చి తన్నులు తిని పోయే మనుషులు. ఆ ఏడుగురి మధ్య ఏం జరుగుతోందో చూడగలగడం, చూసినదాన్ని మాటల్లో పెట్టగలగడం ఒక విద్య. ఆ విద్య మా వైపు ఊళ్ళలో ఉంది. దాన్ని నేను విమర్శ అనే అంటాను. పుస్తకాల మీద రాసే విమర్శకి అది ఏ రకంగానూ తీసిపోదని కూడా అంటాను.

మాది అంగళ్లు. అనంతపురం నుంచి కదిరి, ములకలచెరువు మీదుగా వచ్చే 42వ నంబరు జాతీయ రహదారి మా ఊరు దాటి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా తమిళనాడులోని కృష్ణగిరికి పోతుంది. బయటివాళ్ళకి ఇది టమోటా లారీల దోవ. మాకు కబడ్డీ పోటీల దోవ కూడా. సంక్రాంతికో, ఊరి జాతరకో, ఎండాకాలం సెలవులకో ఎక్కడో ఒకచోట షామియానా వేసి, సున్నంతో గీతలు గీసి, మైకు పెట్టేస్తారు. కుప్పం దగ్గరికి పోయేసరికి ఆట పేరు కూడా కొంచెం మారుతుంది. తమిళం మాట్లాడేవాళ్ళు సడుగుడు అంటారు, మన చెడుగుడుకి చుట్టమే. నేను ఇక్కడే ఇంజనీరింగ్ చదివాను, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. పండగలకి వచ్చినప్పుడు ఈ పోటీలు చూస్తాను. చూడ్డం కంటే, చూసేవాళ్ళ మాటలు వినడం నాకు ఎక్కువ ఇష్టం.

ఆ మాటలు ఎలా ఉంటాయో ఒక ఉదాహరణ చెప్తాను. రైడర్‌ని పట్టేశారు. జనం ఈలలు. మైకులో కార్నర్ ఆడినవాడి పేరు రెండుసార్లు చెప్పారు. అప్పుడు ఒక పెద్దాయన, ఒకప్పుడు కవర్ ఆడిన మనిషి, ప్రత్యేకించి ఎవరితోనూ కాకుండా అంటాడు: "పట్టినోన్ని చూస్తా ఉండారే గానీ, దోవ మూసినోన్ని యెవురన్నా చూస్తిరా?" పక్కనున్న పిల్లోడు "యెవురు మామా?" అని అడుగుతాడు. "ఆ పచ్చ నిక్కరోడప్పా. వాడు రెండడుగులు అడ్డం రాకపోతే ఈ పట్టు యాడిది?" అంతే. చర్చ మొదలవుతుంది. రెండడుగులా, ఒకటిన్నర అడుగా? ముందే కదిలాడా, కార్నర్ పట్టాక కదిలాడా? చెయ్యి వదిలి వచ్చాడా, పట్టుకునే వచ్చాడా? ఇంతలో ఇంకో రెండు కూతలు అయిపోతాయి, వీళ్ళు మాత్రం ఇంకా ఆ రెండడుగుల దగ్గరే ఉంటారు.

ఆ రెండడుగుల్లో అంత ఏముందో తెలియాలంటే పట్టుని కొంచెం నెమ్మదిగా చూడాలి.

మగవాళ్ళ కబడ్డీ బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మధ్యగీత నుంచి 3.75 మీటర్ల దూరంలో బాక్ లైను, దానికి ఇంకో మీటరు అవతల బోనస్ లైను. రైడర్‌కి ఉన్నది 30 సెకన్లు. ఎదురుగా ఏడుగురు విల్లులాగా వంగి నిలబడతారు. రెండు కొసల్లో కార్నర్లు, వాళ్ళ పక్కన ఇన్‌లు, ఆ తర్వాత కవర్లు, నడుమ సెంటర్. రైడర్ బోనస్ కోసమో, కార్నర్‌ని కాలితో తాకడానికో లోపలికి దిగినప్పుడు కార్నర్ వంగి అతని చీలమండ పట్టేస్తాడు. ఫోటోల్లో పడేది ఇదే. కానీ ఆట ఇంకా అయిపోలేదు, ఇప్పుడే మొదలైంది. రైడర్‌కి ఇంకో కాలు ఉంది, రెండు చేతులు ఉన్నాయి, వెనక్కి దూకే ఊపు ఉంది. మధ్యగీతని ఒక్క వేలితో తాకినా చాలు. ఆరడుగుల మనిషి చెయ్యి చాపి ముందుకి పడితే రెండు మీటర్లకి పైనే కలిసొస్తుంది. అంటే కాలు పట్టిన కార్నర్ ఆపింది సగమే. మిగతా సగం, రైడర్‌కీ మధ్యగీతకీ నడుమ ఒక మనిషి వచ్చి నిలబడడం. అది కవర్ పని. బ్లాక్ అంటే అదే. అరసెకను ముందు వస్తే రైడర్ అటు పోకుండానే తప్పుకుంటాడు. అరసెకను ఆలస్యమైతే వీపు మాత్రమే దొరుకుతుంది, అప్పటికే చెయ్యి గీత మీద ఉంటుంది.

చేతులు పట్టుకుని నిలబడే చైన్ కూడా ఇందుకే. కొత్తగా చూసేవాళ్ళకి అదేదో ధైర్యం కోసం పట్టుకున్నట్టుంటుంది. నిజానికి అది ఒకరికొకరు తాడు. ఇద్దరిలో ఒకడు ముందుకి దూకితే రెండోవాడు లంగరు. తొందరపడి పోతుంటే వెనక్కి లాగుతాడు, పోవాల్సిన క్షణంలో వదిలేస్తాడు. రైడర్ మీద కళ్ళు పెట్టినవాడికి పక్కవాడి సంగతి చేతి బిగింపుని బట్టే తెలుస్తుంది. మా వాళ్ళు ఎక్కువగా వాడే తిట్టు కూడా దీన్నుంచే వచ్చింది. ఓడిపోయిన జట్టుని "బలం లేదు" అనరు. "చేతులు మాట్లాడుకోలేదు" అంటారు. ఒక ఓటమి గురించి ఇంతకంటే కచ్చితమైన వాక్యం నేను చదివిన ఆటల రిపోర్టుల్లో తక్కువ.

ఈ చైన్‌ని అందరికంటే బాగా చదివేవాడు చూసేవాళ్ళలో ఉండడు, రైడరే. ప్రదీప్ నర్వాల్ పేరు తలవగానే గుర్తొచ్చే డుబ్కీ అలాంటి చదువే. అడ్డం రావడానికి ఇద్దరు డిఫెండర్లు నిటారుగా లేచిన క్షణంలో వాళ్ళ చేతుల కింద ఒక కిటికీ తెరుచుకుంటుంది. అతను అందులోంచి వంగి జారిపోతాడు. ప్రో కబడ్డీ అయిదో సీజన్లో, 2017లో, అతను తెచ్చిన 369 రైడ్ పాయింట్లని అందరూ చెప్పుకుంటారు. మా ఊరి విమర్శకుడు మాత్రం అడిగేది వేరే: ఆ కిటికీ ఎందుకు తెరుచుకుంది? ముందు లేచింది కవరా, ఇన్నా? ఒకరి గొప్పతనాన్ని ఒప్పుకుంటూనే, దాని ఎదురుగా ఉన్నవాళ్ళ పనిని కూడా అంతే శ్రద్ధగా చూడడం అంటే ఇదే. రైడర్‌ని తక్కువ చేయనక్కర్లేదు. ఏడుగురి మధ్యకి ఒంటరిగా పోయేవాడి తెగువ నిజమైనదే. అది మనకి కనిపించడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు, అంతే తేడా.

ఇక అసలు సంగతి. పట్టు కుదిరితే ఒక పాయింటు. లెక్కల్లో ఆ ట్యాకిల్ పాయింటు పడేది పట్టు మొదలుపెట్టిన ఒక్కడి ఖాతాలో. అయిదు ట్యాకిల్ పాయింట్లు వస్తే దానికి 'హై ఫైవ్' అని పేరు, తెర మీద బొమ్మ. అడ్డం వచ్చిన కవర్ ఖాతాలో ఆ పాయింటు ఉండదు. సరే, ఇది చాలా ఆటల్లో ఉన్నదే అనుకుందాం. కబడ్డీలో మాత్రం దీనికి ఇంకో వైపు ఉంది. పట్టు తప్పి రైడర్ గీత చేరితే, అతన్ని తాకిన వాళ్ళందరూ అవుట్. మొదట కాలు పట్టినవాడు ఒక్కడే కాదు, సాయానికొచ్చి మీద పడిన ముగ్గురూ బయటికి పోయి కూర్చోవాలి. అంటే సాయానికి వచ్చేవాడు, గెలిస్తే పేరు రాని పనికి, ఓడితే శిక్ష పడే పనికి, ఆలోచించుకునే వ్యవధి లేకుండా ఒప్పుకుంటున్నాడు. నాకు తెలిసిన ఆటల్లో సాయం చేయడానికి ఇంత స్పష్టంగా వెల కట్టిన ఆట ఇంకోటి లేదు. పచ్చ నిక్కరువాడి రెండడుగుల గురించి మా పెద్దాయన అంత పట్టుపట్టడంలో న్యాయం ఇదే. లాభం లేని చోట నష్టానికి సిద్ధపడినవాడిని కనీసం చూడండిరా అంటున్నాడు.

ఆ వెల ఎంతదాకా పోగలదో 2023 అక్టోబరు 7న హాంగ్‌జౌలో చూశాం. ఆసియా క్రీడల మగవాళ్ళ ఫైనల్, భారత్, ఇరాన్. 28-28 దగ్గర, ఆట ఇంక నిమిషం పైచిలుకు ఉండగా పవన్ సెహ్రావత్ కూతకెళ్ళాడు. ఎవరినీ తాకకముందే గీత దాటి లాబీలోకి పోయాడు. అతన్ని వెంటాడుతూ నలుగురు ఇరాన్ డిఫెండర్లు కూడా పోయారు. అవుట్ పవన్ ఒక్కడేనా, వెంట పోయిన నలుగురూ కూడానా? పాత నియమం ఒకటి చెప్తుంది, కొత్తగా లీగులో పెట్టిన నియమం ఇంకోటి చెప్తుంది. అంపైర్లు ఒకసారి ఇటు, ఒకసారి అటు. రెండు జట్లూ బరిలోనే కూర్చున్నాయి. ఆట చాలాసేపు ఆగిపోయింది. చివరికి భారత్ 33-29తో గెలిచింది. ఆ రోజు దేశమంతా వాదించుకున్నది నియమం గురించి. నాకు మిగిలిపోయింది మాత్రం ఆ నలుగురి పరుగు. వాళ్ళలో ఎవరూ పాయింటు కోసం పోలేదు. ముందున్నవాడు పోతున్నాడని పోయారు. కబడ్డీ డిఫెండర్‌కి నేర్పే మొదటి పాఠం అదే. బంగారు పతకం ఆ పాఠం చుట్టూ తిరిగింది.

ఇరాన్ సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. 1990 నుంచి ఏడు ఆసియా క్రీడల్లో వరసగా బంగారం తెచ్చుకున్న మన మగవాళ్ళ జట్టు, 2018లో జకార్తాలో సెమీఫైనల్లోనే ఇరాన్ చేతిలో 18-27తో ఓడిపోయింది. కుస్తీ బాగా తెలిసిన దేశం నుంచి వచ్చిన ఆ డిఫెన్స్‌ని మన పేపర్లు గోడ అన్నాయి. గోడ అనడంలోనే మన చూపు తెలిసిపోతుంది. గోడకి బుద్ధి ఉండదు, రెండడుగులు ఎప్పుడు వెయ్యాలో తెలియదు. ఫజల్ అత్రాచలీ లాంటి లెఫ్ట్ కార్నర్ ఎంతసేపు ఆగాడో, ఎప్పుడు కదిలాడో, అతను కదలగానే కవర్ ఎటు జరిగాడో చూసినవాడు గోడ అనడు. మనకి అర్థం కాని శ్రమని మనం ఎప్పుడూ వస్తువులతోనే పోలుస్తాం.

*

ఈ రకం చూపు మా దోవకి మాత్రమే సొంతమని నేననను. దీనికి దగ్గరి బంధువు అమెరికాలో ఉంది. అక్కడ కాలేజీల ఫుట్‌బాల్ అంటే శనివారాల జాతర. మన తెలుగు పిల్లలు ఎమ్మెస్‌కి పోయి, చదివిన యూనివర్సిటీ రంగు టీషర్టు వేసుకుని, మొదట ఏమీ అర్థంకాక, రెండో ఏడాదికి గొంతు పోయేలా అరవడం నేర్చుకుంటారు. నాతో చదివిన ఒకడు టెక్సాస్‌లో ఉంటాడు. వాడు వీడియో కాల్‌లో నాకు ఆ ఆట చెప్పడం మొదలుపెట్టింది బంతి విసిరేవాడితో కాదు, బంతితో పరిగెత్తని అయిదుగురితో. మధ్యలో సెంటర్, ఇరుపక్కలా ఇద్దరు గార్డులు, వాళ్ళకి అవతల ఇద్దరు ట్యాకిల్స్. దాన్నే అఫెన్సివ్ లైన్ అంటారు. బంతి పట్టుకుని పరిగెత్తేవాడికి దోవ చేయడం, బంతి విసిరేవాడికి మూడు నాలుగు సెకన్లు సంపాదించి పెట్టడం, ఇదే వాళ్ళ పని. స్కోరుకార్డులో వాళ్ళ పేరు మీద అంకెలు దాదాపు ఉండవు. వాళ్ళ పేరు మైకులో వినిపించేది ఎక్కువగా తప్పు చేసి పెనాల్టీ తెచ్చినప్పుడే.

అయినా అక్కడ అభిమానులు ఆట అయిపోయాక వీడియో వెనక్కి తిప్పి చూసేది ఈ అయిదుగురినే. ఎడమ గార్డు ఎదుటివాడిని భుజంతో ఎటు తిప్పాడు? సెంటర్, గార్డు కలిసి ఒకడిని నెట్టి, అందులో ఒకరు సరైన సమయానికి విడిపోయి వెనకున్న రెండోవాడిని అందుకున్నారా లేదా? ఎనభై గజాలు పరిగెత్తినవాడి గురించి టీవీ చెప్తుంది. మొదటి మూడు గజాల దోవ ఎవరు తెరిచారో వీళ్ళు చెప్తారు. ఇది వింటున్నంతసేపూ నాకు మా పెద్దాయన గొంతే వినిపించింది. ఒక చోట దోవ తెరవడం, ఇంకో చోట దోవ మూయడం. చూసేవాడి పని మాత్రం ఒక్కటే. 2015 నుంచి అక్కడ జో మూర్ అవార్డు అని ఒకటి ఇస్తున్నారు, దేశంలోని కాలేజీ జట్లన్నిటిలో మేటి అఫెన్సివ్ లైన్‌కి. అందులో నాకు నచ్చింది ఏమిటంటే, దాన్ని ఏ ఒక్క ఆటగాడికీ ఇవ్వరు. లైన్ మొత్తానికి ఇస్తారు. విడదీస్తే ఆ పని మిగలదని ఒప్పుకున్న బహుమతి అది.

*

ఇప్పుడు మన సినిమాల దగ్గరికి మళ్ళీ వద్దాం. 'ఒక్కడు' వచ్చిన ఏడాదే జగపతిబాబుతో 'కబడ్డీ కబడ్డీ' వచ్చింది. 2010లో నాని హీరోగా 'భీమిలి కబడ్డీ జట్టు', 2021లో గోపీచంద్, తమన్నా కోచ్‌లుగా 'సీటీమార్'. వీటిలో ఆటకి అన్నిటికంటే దగ్గరగా పోయింది 'భీమిలి'. పేరులోనే జట్టు ఉంది. తమిళ 'వెన్నిల కబడి కుళు'కి రీమేక్ అయినా, ఓడిపోవడానికి అలవాటుపడిన కుర్రాళ్ళ మధ్య ఉండే ఎగతాళినీ, చనువునీ నిలబెట్టింది. కానీ అందులో కూడా ఆఖరికి వచ్చేసరికి జట్టు కథ ఒక్కడి చావు కథగా మారిపోయింది. కెమెరాకి అంతకుముందు జట్టు మీద ఉన్న ప్రేమ, పాయింటు దగ్గరికి వచ్చేసరికి ఒకే ముఖం మీదికి జారుకుంది.

ఇది దర్శకుల తెలివికి సంబంధించిన విషయం కాదు, కెమెరా ఎక్కడ నిలబడిందన్న విషయం. మన సినిమా కబడ్డీలో కెమెరా రైడర్ భుజం మీద ఉంటుంది, లేదా అతని కళ్ళ ఎదుట ఉంటుంది. అక్కడి నుంచి చూస్తే చైన్ కనపడదు. కాలు పట్టుకున్న చెయ్యి ఒక క్లోజప్, బిగిసిన దవడ ఒక క్లోజప్, గీత మీద వేలు ఒక క్లోజప్. ఈ మూడింటి మధ్య జరిగిన అడ్డం రావడం కత్తిరింపులో పోతుంది. బ్లాక్‌ని చూపించాలంటే కెమెరా వెనక్కి జరగాలి, షాట్‌ని తెంపకూడదు, హీరో కాసేపు తెరలో చిన్నగా కనిపించాలి. ఆ మూడోదానికి ఒప్పుకునే సినిమా మనకి ఇంకా రాలేదు. ఈ ఒక్క విషయంలో టీవీ సినిమా కంటే నయం. 2014లో ప్రో కబడ్డీ మొదలయ్యాక, పైనుంచి తీసిన రీప్లేలు వచ్చాక, మా ఊళ్ళలో వాదనకి సాక్ష్యం దొరికింది. రెండడుగులా, ఒకటిన్నరా అన్నది ఇప్పుడు ఫోనులో ఆపి చూడొచ్చు. అయితే ఆ రీప్లే మీద పడే అక్షరాలు మాత్రం ఇంకా పట్టినవాడి పేరే చెప్తాయి.

పేరు ఎటుపోతే డబ్బు అటుపోతుంది. పదో సీజన్‌కి మన తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకి కొనుక్కుంది. అప్పటికి లీగు చరిత్రలోనే అది అన్నిటికంటే పెద్ద ధర. అతను తన పని చేశాడు, పాయింట్లు తెచ్చాడు. జట్టు మాత్రం 22 ఆటల్లో రెండే గెలిచింది. అదే వేలంలో పుణెరి పల్టన్ 2 కోట్ల 35 లక్షలు పెట్టి కొన్నది మొహమ్మద్‌రెజా షాద్లూయీని, ప్రధానంగా లెఫ్ట్ కార్నర్ ఆడే ఇరానీయుడిని. 2024 మార్చి 1న హైదరాబాద్‌లో జరిగిన ఫైనల్లో హర్యానా స్టీలర్స్‌ని 28-25తో ఓడించి పల్టన్ కప్పు ఎత్తుకుంది. ఈ రెండు జట్ల తేడా ఇద్దరు ఆటగాళ్ళ తేడా అనడం మళ్ళీ అదే పొరపాటు అవుతుంది. పల్టన్‌లో షాద్లూయీ దూకినప్పుడు వెంట వచ్చినవాళ్ళు ఉన్నారు. టైటాన్స్‌లో పవన్ పాయింటు తెచ్చి తిరిగొచ్చాక, దాన్ని కాపాడే పట్లు తగినన్ని లేవు. రైడర్ సంపాదిస్తాడు, డిఫెన్స్ నిలబెడుతుంది. సంపాదన ఒక్కటే చూసి ఇల్లు బాగుందనుకోవడం మన అభిమానులకీ, బహుశా మన ఇళ్ళకీ కూడా అలవాటే.

*

ఇక్కడ ఒక ఇంజనీరుకి తేలిగ్గా తట్టే పరిష్కారం ఉంది. అడ్డం వచ్చినవాడికి కూడా అంకె ఇచ్చేస్తే సరిపోతుంది కదా? ఒక బ్లాక్‌కి అర పాయింటు, సరైన సమయంలో చెయ్యి వదిలితే పావు. కెమెరాలున్నాయి, కంప్యూటర్లున్నాయి, లెక్కపెట్టలేమా? లెక్కపెట్టగలం. కానీ నా వృత్తిలో ప్రతివాడికీ తెలిసిన సంగతి ఒకటుంది: దేన్ని కొలిచి జీతానికి ముడిపెడితే, జనం దాన్నే తయారుచేస్తారు. రాసిన లైన్లు లెక్కపెడితే లైన్లు పెరుగుతాయి, ప్రోగ్రాం బాగుపడదు. మూసేసిన టికెట్లు లెక్కపెడితే టికెట్లు చిన్నచిన్న ముక్కలవుతాయి. పుట్టకుండా ఆపిన తప్పు ఏ పట్టికలోనూ ఎక్కదు, ఎందుకంటే అది జరగలేదు. అడ్డం రావడానికి అంకె పెట్టిన రోజు, అక్కర్లేని చోట కూడా అడ్డం వస్తారు. ఆగాల్సిన చోట ఆగడం అనే, అన్నిటికంటే కష్టమైన పనికి మళ్ళీ అంకె దొరకదు. కవర్ గొప్పతనం సగం అతను వేయని అడుగుల్లో ఉంది.

అందుకే ఈ పనికి కావాల్సింది అంకె కాదు, భాష అని నా నమ్మకం. అంకె పోలుస్తుంది, భాష వివరిస్తుంది. "చేతులు మాట్లాడుకోలేదు" అన్న వాక్యం ఎవరికీ మార్కులు వేయదు. కానీ అది విన్నవాడు తర్వాతి కూతలో చేతుల వైపు చూస్తాడు. విమర్శ చేయగలిగిన పెద్ద పని ఇదే. తీర్పు చెప్పడం కాదు, చూపుని ఒక జానెడు పక్కకి జరపడం.

సాహిత్యంలో కూడా మనకి ఈ జానెడు అవసరం. 'కన్యాశుల్కం' గురించి ఎంత రాసినా గిరీశం, మధురవాణి, రామప్పంతులు దగ్గరే మన మాట తిరుగుతుంది. కరటకశాస్త్రి వేసిన ఎత్తు మొత్తం ఎవరి ఒంటి మీద నిలబడిందో చూడండి. ఆడపిల్ల వేషం కట్టి, లుబ్ధావధాన్లుకి పెళ్ళికూతురై, ఆ ఇంట్లోకి పోయి, మళ్ళీ మాయమై బయటపడాల్సిన శిష్యుడి మీద. దొరికిపోతే మొదట తన్నులు తినేది ఆ కుర్రాడే. కుదిరితే తెలివి కరటకశాస్త్రిది. కబడ్డీ భాషలో చెప్పాలంటే గురువుగారు కాలు పట్టారు, శిష్యుడు అడ్డం వచ్చాడు. ఈ నాటకంలో నవ్వంతా ఎంత ప్రమాదం మీద నిలబడి ఉందో ఆ శిష్యుడిని చూస్తూ చదివినప్పుడే నాకు తెలిసింది.

అయితే మా దోవ విమర్శకులని ఆకాశానికి ఎత్తేసి వదిలిపెట్టడం కూడా న్యాయం కాదు. ఇంత కచ్చితమైన ఈ భాష ఆడపిల్లల ఆట దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికో పోతుంది. మగపిల్లల పోటీలో అరసెకను గురించి వాదించినవాళ్ళే, ఆడపిల్లలు దిగినప్పుడు "బానే ఆడతా ఉండారే" అని ఆశ్చర్యపోయి ఊరుకుంటారు. మెచ్చుకోలులాగే వినిపిస్తుంది గానీ, అది చూడకుండా తప్పించుకోవడం. హాంగ్‌జౌలోనే మన ఆడవాళ్ళ జట్టు చైనీస్ తైపీ మీద 26-25తో బంగారం గెలిచింది. ఒక్క పాయింటు. ఆ ఒక్క పాయింటు తేడా ఏ బ్లాక్‌లోంచి వచ్చిందని మా వైపు అరుగుల మీద వాదన జరగడం నేను వినలేదు. 'సీటీమార్' తీసినవాళ్ళు ఆడపిల్లల జట్టునే కథగా పెట్టుకున్నారు, మంచిదే. కానీ ఆ సినిమాలో మనకి గుర్తుండేది కోచ్ చేసిన ఫైట్లు. ఆ అమ్మాయిల్లో కార్నర్ ఎవరు, కవర్ ఎవరు అని అడిగితే చెప్పలేం. చూపుకి కూడా అలవాట్లుంటాయి. అడ్డం నిలబడినవాడిని చూడడం నేర్చిన కన్ను, అడ్డం నిలబడినదాన్ని చూడడం మళ్ళీ విడిగా నేర్చుకోవాలి.

ఇంత చెప్పాక నేను కోరేది చిన్నదే. మా వైపు పోటీల్లో ఆఖరి రోజు బెస్ట్ రైడర్‌కి ఒక కప్పు, బెస్ట్ క్యాచర్‌కి ఒక కప్పు ఇస్తారు. దాతలకి కరువు లేదు, మైకులో పేరు చదివితే చాలు కప్పులు వస్తాయి. మూడో కప్పు ఒకటి పెట్టండి, ఒక చైన్‌కి. ఇద్దరి పేర్లూ కలిపి చదవాలి, ఇద్దరూ కలిసి వచ్చి తీసుకోవాలి. ఎవరికివ్వాలో తేల్చడానికి లెక్కలు చూడొద్దు, లెక్కల్లో దొరకరు. అరుగు మీద కూర్చున్న పాత కవర్లు ముగ్గురిని పిలిచి అడగండి. మగపిల్లలకి ఒకటి, ఆడపిల్లలకి ఒకటి. ఆడపిల్లలది తేల్చాల్సి వస్తే ఆ ముగ్గురూ ఆ ఆటని కూడా అరసెకను అరసెకనుగా చూడక తప్పదు. వాళ్ళు పొద్దుపోయేదాకా వాదించుకుంటారు, కప్పు ఇవ్వడం ఆలస్యమవుతుంది. కానివ్వండి.